డీకప్లింగ్ అంటే తెగతెంపులు కాదండీ

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కొన్ని మాటలంటే మహా మోజు. ఇప్పుడు ఆ వరసలో ముందున్నది "డీకప్లింగ్". ఏ రెండు మాడ్యూళ్ళు ఒకదాన్నొకటి ఇబ్బంది పెడుతున్నా "డీకపుల్ చేసేద్దాం" అంటారు. మధ్యలో ఓ క్యూ పెడతారు, ఓ ఇంటర్‌ఫేస్ రాసి పడేస్తారు, ఇక నీ దారి నీది, నా దారి నాది. చాలాసార్లు పనైపోతుంది కూడా. కాదనను. మా ప్రపంచంలో ఆ ముడి వేసింది మేమే కాబట్టి విప్పడమూ మా చేతిలో పనే.

సాఫ్ట్‌వేర్లోకి రాకముందు కొన్నేళ్ళు ఫ్యాక్టరీల కంట్రోల్ సిస్టమ్స్ మీద పని చేశాను. అక్కడా ఇదే మాట వాడతారు, కానీ అర్థం దాదాపు తిరగబడుతుంది. అక్కడ ముడి వేసింది ప్రకృతి. నీళ్ళు, ఆవిరి, వేడి, పీడనం, వీటి మధ్య ఉన్న బంధాన్ని ఎవడూ తెంచలేడు. అక్కడ డీకప్లింగ్ అంటే ఆ బంధం ఎంత బలంగా ఉందో కొలిచి, నేను ఓ వాల్వు తిప్పినప్పుడు పక్కవాడి మీద పడబోయే దెబ్బని ముందే లెక్కగట్టి, వాడి వాల్వునీ ఆ మేరకు సర్దడం. తెలుగులో ఏమందామా అని ఆలోచిస్తే "కాడి విప్పడం" అని తట్టింది గానీ, కాడి విప్పితే ఎడ్లు ఇంటికెళ్ళిపోతాయి కదా! ఇక్కడ కాడి మెడ మీదే ఉంటుంది. దాపల ఎద్దు అడుగు వెయ్యబోతున్నట్టు వలపల ఎద్దుకి ముందే తెలియాలి, అంతే. దీనికి ఒక్క ముక్కలో మాట ఎవరికైనా తడితే చెప్పండి. అప్పటిదాకా డీకప్లింగ్ అనే అంటాను.

ఇదంతా ఎందుకంటే, మా బెజవాడలో ఈ రెండు అర్థాల మధ్య తేడా తెలీకపోవడం చాలా ఖరీదైన వ్యవహారమని నా అభిప్రాయం. అక్కడికి మెల్లిగా వస్తాను.

ముందు స్నానాల గదిలోంచి మొదలెడదాం. వేణ్ణీళ్ళ కొళాయి ఒకటి, చన్నీళ్ళది ఒకటి. మీకు కావలసినవి రెండు: నీళ్ళు ఇంత వేడి ఉండాలి, ఇంత ధారగా రావాలి. ఏ కొళాయి తిప్పినా రెండూ మారతాయి. ఇద్దరు మనుషులకి చెరో కొళాయి ఇచ్చి, ఒకడికి "నువ్వు వేడి చూసుకో", ఇంకొకడికి "నువ్వు ధార చూసుకో" అన్నారనుకోండి. ఎవడికి ఏ కొళాయి ఇవ్వాలి? ఇదే బహుళచరాల నియంత్రణలో మొట్టమొదటి ప్రశ్న. దీనికో చక్కటి కొలత ఉంది. ఫాక్స్‌బరో కంపెనీలో పనిచేసిన ఎడ్గార్ బ్రిస్టల్ 1966లో ప్రచురించాడు. అవతలివాడు చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు నా కొళాయి ఎంత ప్రభావం చూపిస్తుంది, అవతలివాడు తన పని తను శుభ్రంగా చేసుకుంటున్నప్పుడు ఎంత చూపిస్తుంది, ఈ రెండింటి నిష్పత్తి. అది 1 అయితే ఇద్దరూ హాయిగా విడివిడిగా పని చేసుకోవచ్చు. 0.5 అయితే ఎవడికి ఏది ఇచ్చినా ఒకటే, కొట్టుకుంటారు. సున్నాకి కిందికి పోతే ఆ జత పెట్టకూడదు.

మా ఊరి లెక్క వేద్దాం. గీజరులో నీళ్ళు 60 డిగ్రీలు, డిసెంబరులో ట్యాంకు నీళ్ళు 24, మనకి కావలసినవి 42 అనుకుంటే సగం వేడివి, సగం చల్లవి కలపాలి. బ్రిస్టల్ నిష్పత్తి సరిగ్గా 0.5 వస్తుంది. చెత్త పరిస్థితి! అదే మే నెలలో చూడండి. బెజవాడలో మే నెలలో "చన్నీళ్ళ కొళాయి" అనేది పేరుకి మాత్రమే. డాబా మీద ట్యాంకు నీళ్ళే 38 ఉంటాయనుకుందాం. కావలసినవి 40. వేణ్ణీళ్ళ వాటా తొమ్మిది శాతం. ధారకి చన్నీళ్ళ కొళాయి, వేడికి వేణ్ణీళ్ళ కొళాయి ఇస్తే నిష్పత్తి 0.91. ఎవడి పని వాడు చేసుకోవచ్చు, గొడవే లేదు. కొళాయిలు అవే, గొట్టాలు అవే, మనుషులు వాళ్ళే. ఋతువు మారేసరికి వాళ్ళ మధ్య బంధం మారిపోయింది. ఈ ముక్క కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో నాసాకి ముందు నాకా అని ఓ సంస్థ ఉండేది. అక్కడ బాక్సెన్‌బామ్, హుడ్ అనే ఇద్దరు 1940ల చివర్లో విమానాల జెట్ ఇంజన్ల కోసం ఈ గణితాన్ని రాశారు. తర్వాత చమురు శుద్ధి కర్మాగారాల్లో స్వేదన స్తంభాలకి వాడారు, అక్కణ్ణించి కాగితం మిల్లులకీ పవర్ ప్లాంట్లకీ వెళ్ళింది. 1970ల చివర్లో వచ్చిన మోడల్ ప్రెడిక్టివ్ కంట్రోల్ ఇదే పనిని ఇంకో దారిలో చేస్తుంది. ఆ చరిత్రంతా చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది, వదిలేద్దాం.

మనకి దగ్గర్లో ఉన్న ఉదాహరణ ఇబ్రహీంపట్నం దగ్గరి థర్మల్ స్టేషన్. నార్ల తాతారావు గారి పేరు పెట్టినా జనం నోట్లో ఇప్పటికీ వీటీపీఎస్సే. 1979లో మొదటి యూనిట్ వచ్చింది, 1995 నాటికి 210 మెగావాట్లవి ఆరు అయ్యాయి. 2009లో ఒక 500, 2023 చివర్లో ఒక 800 చేరాయి. బస్సులో వెళ్తూ చూస్తే చిమ్నీలు తప్ప మరేం కనబడవు గానీ, లోపల జరిగేది అచ్చం మన స్నానాల గది గొడవే.

బాయిలర్లో వేసే బొగ్గు ఒక మీట. టర్బైన్‌కి ఆవిరి వదిలే వాల్వు ఇంకో మీట. కావలసినవి కూడా రెండే: ఇన్ని మెగావాట్లు, ఇంత ఆవిరి పీడనం. వాల్వు తెరిస్తే మెగావాట్లు సెకన్లలో పెరుగుతాయి. "భలే" అనుకునేలోగా పీడనం పడిపోవడం మొదలెడుతుంది. బొగ్గు పెంచకపోతే కాసేపటికి మెగావాట్లు కూడా మొదటికే వచ్చేస్తాయి. అంటే వాల్వు విద్యుత్తుని పుట్టించలేదు. బాయిలర్లో నిలవున్న వేడిలోంచి అప్పిచ్చింది, అంతే. ఆ అప్పు తీర్చాల్సింది బొగ్గు. బొగ్గేమో మిల్లుల్లో పొడి కావాలి, కాలాలి, ఆ వేడి గొట్టాల్లోని నీళ్ళకి అందాలి, దానికి నిమిషాలు పడుతుంది. కొద్ది సెకన్ల లెక్కలో చూస్తే మెగావాట్లకి యజమాని వాల్వు. అరగంట లెక్కలో చూస్తే బొగ్గు. ఎవరికి ఏది అప్పజెప్పాలన్న ప్రశ్నకి జవాబు, మీరు ఏ గడియారం చూస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది!

పాతకాలంలో రెండు పద్ధతులుండేవి. టర్బైన్ ముందు నడిస్తే బాయిలర్ వెంట పరిగెత్తడం ఒకటి, బాయిలర్ ముందు నడిస్తే టర్బైన్ సర్దుకుపోవడం ఇంకొకటి. మొదటిది చురుకైనదే గానీ పీడనం ఊగిపోతుంది. రెండోది బుద్ధిమంతురాలు, కానీ గ్రిడ్ అడిగినప్పుడు చప్పున పలకదు. తర్వాత వచ్చిన కోఆర్డినేటెడ్ కంట్రోల్‌లో రెండు మీటలకీ ఒకేసారి కబురు వెళ్తుంది. మెగావాట్లు పెంచమని ఆదేశం రాగానే వాల్వు కదలడంతో పాటు, పీడనం పడేదాకా ఆగకుండా, బొగ్గుకి ముందే చెప్పేస్తారు. డీకప్లింగ్ అంటే ఇది.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. ఇక్కడ సంపూర్ణమైన డీకప్లింగ్ ఎవరూ కోరుకోరు. పీడనం వెంట్రుకవాసి కూడా కదలకూడదు అని పట్టుబడితే, బాయిలర్లో ఉన్న ఆ చేబదులు సౌకర్యం పోతుంది. గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ పడిపోతున్నప్పుడు ఆ చేబదులే ఆదుకునేది. అందుకని పీడనాన్ని కాస్త ఊగనిస్తారు, హద్దులు మాత్రం పెడతారు. ఎంత బంధాన్ని తీసెయ్యాలి, ఎంత ఉంచుకోవాలి అన్నది గణితం చెప్పేది కాదు, మీకేం కావాలో మీరు తేల్చుకోవాల్సింది. ఇప్పుడీ తేల్చుకోవడం ఇంకా ముఖ్యం. పగలు సౌర విద్యుత్తు దండిగా వస్తోంది కాబట్టి బొగ్గు యూనిట్లు తగ్గాలి, సాయంత్రం మళ్ళీ గబగబా పెరగాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనల్లో బొగ్గు యూనిట్లు దశలవారీగా 40 శాతం లోడు దాకా దిగగలగాలని ఉంది. వంద శాతం దగ్గర కొలిచి పెట్టుకున్న బంధాలు 40 శాతం దగ్గర అలాగే ఉండవు. మళ్ళీ మే నెల, డిసెంబరు కథే.

800 మెగావాట్ల యూనిట్‌లో ఇంకో మెలిక. అది సూపర్‌క్రిటికల్. పాత యూనిట్లలో నీళ్ళూ ఆవిరీ విడిపోయే పెద్ద డ్రమ్ము ఉంటుంది, చిన్నచిన్న పొరపొచ్చాలని అది కడుపులో పెట్టుకుంటుంది. సూపర్‌క్రిటికల్‌లో ఆ డ్రమ్ము లేదు. పోసిన నీళ్ళకీ వేసిన బొగ్గుకీ క్షణక్షణం పొంతన కుదరాలి. కడుపులో దాచుకునే చోటు తగ్గినకొద్దీ బంధం బిగుసుకుంటుంది. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

ఇక డీకప్లింగ్ ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పాలి, లేకపోతే నేనేదో అమ్మకానికి వచ్చినవాడిలా ఉంటుంది.

డీకప్లర్ అంటే గణితపరంగా ప్లాంటు నమూనాకి తిరగేసిన రూపం. నమూనా తప్పయితే తిరగేసింది కూడా తప్పే, కొన్నిసార్లు అంతకు ఎన్నో రెట్లు తప్పు. 1988లో స్కొగెస్టాడ్, మొరారి, డాయిల్ ఓ పేపర్లో ఈ సంగతిని కళ్ళకి కట్టినట్టు చూపించారు. బ్రిస్టల్ నిష్పత్తి 35 దాకా ఉన్న స్వేదన స్తంభం అది. కాగితం మీద డీకప్లర్ అద్భుతంగా పనిచేసింది. రెండు వాల్వుల్లో ఒకటి చెప్పినదానికంటే 20 శాతం ఎక్కువ, ఇంకొకటి 20 శాతం తక్కువ కదిలేసరికి మొత్తం గందరగోళం. 20 శాతం తేడా అంటే పెద్ద నేరమేం కాదు, వాల్వులు అరిగితే వచ్చేదే. బంధం మరీ బిగుసుగా ఉన్నచోట దాన్ని పూర్తిగా రద్దు చెయ్యాలని చూడటమే ప్రమాదం అన్నమాట.

రెండో ప్రమాదం మనుషులతో. రెండు లూపుల్లో ఒకదాన్ని ఆపరేటర్ మాన్యువల్‌లో పెడితే, రెండోదాన్నుంచి వెళ్ళే సర్దుబాటు ఎక్కడికి వెళ్ళాలి? ఈ ప్రశ్నకి జవాబు రాయకుండా వదిలేసిన డిజైన్లు నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను. పేరు అనవసరం, ఒక ప్లాంటులోనైతే లక్షలు పోసి పెట్టిన డీకప్లర్‌కి ఆపరేటర్లు శాశ్వతంగా బైపాస్ పెట్టి ఉంచారు. అడిగితే "నైట్ షిఫ్టులో ఇది ఏం చేస్తుందో మాకు అర్థం కాదు సార్" అన్నారు. వాళ్ళదే సబబు అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

సరే, అసలు విషయానికొద్దాం. ప్రకాశం బ్యారేజి.

1850లలో కట్టిన ఆనకట్ట 1952లో తెగిపోయాక, దాని బదులు కట్టిన బ్యారేజి 1957లో పూర్తయింది. 70 గేట్లు. వెనక నిలవ సుమారు 3 టీఎంసీలు. డెల్టాలో 13 లక్షల ఎకరాల దాకా దీని మీద ఆధారపడతాయని మనం చిన్నప్పట్నించీ వింటున్నాం. ఆ నీటిమట్టం మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారో ఒక్కసారి చూడండి. తూర్పున ఏలూరు, రైవిస్, బందరు కాలవలు, పడమట సీతానగరం వైపునుంచి వెళ్ళే కాలవ, పైన వీటీపీఎస్ చల్లబరిచే నీళ్ళు, ఊళ్ళకి తాగునీరు, ఇంకా పైన, కృష్ణలో కలిసే బుడమేరు డైవర్షన్ కాలవ. మట్టం ఒకటే, ఆశపడేవాళ్ళు అరడజను మంది.

కాలవ తలుపు ఎత్తితే నీళ్ళు పుట్టవు. అది కూడా టర్బైన్ వాల్వు లాంటిదే, చెరువులోంచి చేబదులు. టీఎంసీ అంటే రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే వచ్చే నీళ్ళు. 3 టీఎంసీల్లో వాడుకోదగ్గది కొంతే, ఎందుకంటే మట్టం దిగితే కాలవలకి ఎక్కవు. ఆ అప్పు తీర్చాల్సిన "బొగ్గు" పైన పులిచింతలలో ఉంది, లేదా 2015 నుంచి పట్టిసీమ దగ్గర గోదావరిలో ఉంది. పట్టిసీమ నీళ్ళు పోలవరం కుడి కాలవలో నూట డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు నడిచి, చివర్న బుడమేరు డైవర్షన్ కాలవ ద్వారానే కృష్ణలో పడతాయి. అంటే ఒకే కాలవ రెండు ఉద్యోగాలు చేస్తోంది. ఎండ కాస్తే గోదావరి నీళ్ళు తెచ్చి పొయ్యాలి, వాన కొడితే బుడమేరు వరద తీసి పారెయ్యాలి. కంట్రోల్ పుస్తకాల్లో ఇలాంటి ఉదాహరణ రాస్తే "మరీ కల్పితంగా ఉంది" అంటారు.

ఇప్పుడు గుర్తు పెట్టుకోమన్న రెండు ముక్కలూ కలుపుదాం.

మామూలు రోజుల్లో బుడమేరుకీ కృష్ణకీ మధ్య బంధం దాదాపు సున్నా. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఉన్నవాళ్ళు వాళ్ళ పని, బ్యారేజి దగ్గర ఉన్నవాళ్ళు వాళ్ళ పని చేసుకుంటే చాలు. నిష్పత్తి 1. ఏడాదిలో మూడొందల అరవై రోజులు ఇద్దరూ విడివిడిగా ఉండటం తప్పేం కాదు, అదే మంచి డిజైన్. కృష్ణ ఉప్పొంగినప్పుడు మాత్రం డైవర్షన్ కాలవ నోటి దగ్గర మట్టం పెరుగుతుంది, బుడమేరు నీళ్ళు కృష్ణలోకి దిగడం మందగిస్తుంది, వెనక్కి పోటెత్తుతాయి. పైగా రెండింటి మీదా పడేది ఒకే మబ్బు. బంధం బిగుసుకునేదీ, దెబ్బ తగిలేదీ ఒకే రోజున.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగింది ఎవరూ మర్చిపోలేదు. డైవర్షన్ కాలవ గట్లకి గండ్లు పడ్డాయి, సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. పాలపాకెట్టు కోసం పిల్లల్ని ఎత్తుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ తల్లుల్ని అందరం టీవీల్లో చూశాం. సెప్టెంబరు 2న బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. 2009 అక్టోబరులో చూసిన 11 లక్షల పైచిలుకు రికార్డు కూడా దాటిపోయింది. ఎవరిది తప్పు అన్న రాజకీయం నాకొద్దు. ఆ తర్వాత నేను విన్న వాదనల్లో ఎక్కువ భాగం ఒక్కో గేటు గురించి, ఒక్కో గట్టు గురించి. గట్టు బలంగా లేదు, ఆక్రమణలున్నాయి, పూడిక తియ్యలేదు, ఇవన్నీ నిజమే అయ్యుండొచ్చు. కానీ రెండు నదుల మధ్య ఆ రోజున ఉన్న బంధం ఎంత, దాన్ని ఎవరు కొలుస్తున్నారు అన్న ప్రశ్న పెద్దగా వినబడలేదు.

ఆ రోజు లెక్క చూడండి. 11.43 లక్షల క్యూసెక్కులంటే రోజుకి దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజి మొత్తం నిలవ ఆ ప్రవాహానికి 45 నిమిషాల పని! పులిచింతల 45.77 టీఎంసీలు పూర్తిగా ఖాళీగా ఉందనుకున్నా 11 గంటల్లో నిండుతుంది. "బ్యారేజి ముందే ఖాళీ చేసి ఉంచాల్సింది" అని వాదించేవాళ్ళకి నా జవాబు ఈ 45 నిమిషాలే. వరద రోజున మన బ్యారేజి డ్రమ్ము లేని బాయిలర్. కడుపులో దాచుకునే చోటు లేదు.

మరేం చెయ్యాలి? మన వాళ్ళకి వెంటనే తట్టేది కమాండ్ కంట్రోల్ సెంటర్. గోడ నిండా తెరలు, అన్ని గేట్లకీ మోటార్లు, ఒకే బటన్. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణే, అలాంటివి కట్టి డబ్బు సంపాదించేవాణ్ణే, అయినా నాకిది నచ్చదు.

ఒకటి, అంత అవసరం లేదు. ఇక్కడ బంధం ఒకవైపుదే. కృష్ణ మట్టం బుడమేరుని ఆపేస్తుంది. బుడమేరు కృష్ణని ఏం చెయ్యగలదు? 2024 నాటికి డైవర్షన్ కాలవ సామర్థ్యం సుమారు 15 వేల క్యూసెక్కులని చెప్పేవారు. 11.43 లక్షల్లో అది ఒకటిన్నర శాతం కూడా లేదు. రెట్టింపు వేసుకున్నా మూడు శాతం లోపే. బంధం ఒకవైపే ఉన్నప్పుడు డీకప్లర్ కూడా ఒకవైపే చాలు. పైన చెప్పిన స్తంభంలో వచ్చిన ప్రమాదం ఇక్కడ రాదు. కృష్ణ ఇన్ని అడుగులకి చేరితే డైవర్షన్ కాలవలోంచి ఇన్ని క్యూసెక్కులే దిగుతాయి అని ఒక పట్టిక, ఆ పట్టిక వెలగలేరులో గోడకి, ఇంకో కాపీ సింగ్ నగర్ వార్డు ఆఫీసులో. బ్యారేజి దగ్గరి అంకె అక్కడికి గంటగంటకీ చేరాలి. ఇది ఫోన్లో కూడా జరిగిపోయే పని.

రెండు, గేట్లు పాడవుతాయి. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది, దాన్ని సరిచెయ్యడానికి జలాశయంలో నీళ్ళు కిందికి వదిలెయ్యాల్సి వచ్చింది. 2024 వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజి గేట్ల కౌంటర్‌వెయిట్లని గుద్దాయి. అన్ని మీటలూ పనిచేస్తాయన్న నమ్మకం మీద కట్టిన కేంద్రీకృత వ్యవస్థ, ఒక్క మీట విరగ్గానే మిగతావాటికి కూడా తప్పుడు ఆదేశాలిస్తుంది. విడివిడి లూపులకి ఉన్న గొప్పతనం ఏమిటంటే ఒకటి చచ్చినా మిగతావి నిలబడతాయి. దాన్ని పోగొట్టుకోకూడదు.

మూడోది అన్నిటికంటే మొండిది. కాలం. అవతలి దెబ్బ రెండు గంటల్లో వస్తూ, నా మీట ప్రభావం పది గంటలకి పడుతుందంటే, ఏ గణితమూ నన్ను కాపాడలేదు. డీకప్లర్‌కి భవిష్యత్తు తెలియాల్సి వస్తుంది. పులిచింతల దిగువన కృష్ణలో కలిసే మున్నేరు మీద నీటిని ఆపే పెద్ద జలాశయం లేదు. ఖమ్మం వైపు వాన కొడితే అది నేరుగా మన మీదకే. మైలవరం కొండల్లో కురిసింది బుడమేరులోకి ఇంకా త్వరగా వచ్చేస్తుంది. మట్టం చూసి కదిలితే ఆలస్యమే, పైన వాన చూసి కదలాలి. అప్పటికి కదిలించగలిగినవి గేట్లు కూడా కాదు, మనుషులు. ముసలివాళ్ళని పై అంతస్తుకి, బళ్ళని ఫ్లైఓవరు మీదకి.

ఇదే పని చిన్న స్థాయిలో కాలవల మీద ఎప్పట్నించో జరుగుతోంది. కాలవల ఆటోమేషన్ మీద రాసే పండితులు "కింది గేటు తెరిచినప్పుడు పై గేటుకి అంతే మేర ముందే కబురు పంపడం" అని డీకప్లర్‌కి సూత్రం రాస్తారు. మన లస్కర్లు ఫోన్లు పట్టుకుని చేసేది అదే. పైన ఏలూరు కాలవకి వదిలితే బందరు కాలవలో మట్టం దిగుతుందని వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. ఆ సర్దుబాటు కుదిరినచోట శివారు భూములకి నీళ్ళు అందుతాయి, కుదరనిచోట నాగాయలంక రైతు వంతు కోసం కాలవ గట్టు మీద పడుకుంటాడు. లస్కరు పోస్టులు ఖాళీగా ఉంచి మోటారు గేట్లు కొంటామంటే, ఉన్న డీకప్లర్‌ని పీకి తెర పెట్టుకోవడమే అవుతుంది.

ఆ పట్టిక ఎవరు తయారు చేస్తారు అంటారా? ప్రపంచంలో డీకప్లింగ్ మీద ప్రాజెక్టు చేసే ప్రతి విద్యార్థీ 1973లో వుడ్, బెర్రీ అనే ఇద్దరు కెనడాలో కొలిచిన మిథనాల్ స్తంభం సమీకరణాలే తీసుకుంటాడు. నాలుగు అంకెలు, నాలుగు ఆలస్యాలు, నిష్పత్తి 2. యాభై ఏళ్ళుగా దాని మీద వేల పేపర్లు. కానూరులోనూ వడ్డేశ్వరంలోనూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, అక్కడా ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివేవాళ్ళున్నారు. బ్యారేజి వాళ్ళకి ఆటో దూరంలో ఉంది. గంటగంటకీ రాసే మట్టాల లాగ్ పుస్తకాలు, వెలగలేరువీ బ్యారేజివీ, ఓ పదేళ్ళవి టైపు చేసి జనం ముందు పెడితే చాలు. ఫైనలియర్ పిల్లలు ఓ సెమిస్టరులో ఆ నాలుగు అంకెలూ, నాలుగు ఆలస్యాలూ తేల్చేస్తారు. తప్పులుంటే మరుసటేడు పిల్లలు దిద్దుతారు. ఆ లాగ్ పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే టైపు చెయ్యడానికి నేను రెడీ, శని ఆదివారాలు ఖాళీయే.